కారుకు వడ్డాణం

నా చిన్నప్పుడు, కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందన్న కబురును మా పక్కింటి అక్క బయటివాళ్లలో మొదట నాకే చెప్పింది. ఇద్దరం వాళ్ల వసారాలో కూర్చుని విత్తనానికి చెనిక్కాయలు, అంటే వేరుశనగ, ఒలుస్తున్నాం. ఆమె చేతిలో కాయను ఒలవకుండా అట్లాగే పట్టుకుని, "కళ్యాణదుర్గం డాక్టరమ్మ చూసి చెప్పింది పాపా. కాన్పు ఈడ కాదంట. ముందే అనంతపురం పోయి పెద్దాసుపత్రిలో చేరాలంట" అంది. తరువాత మెల్లగా, "మా అత్త పంపనంటాంది" అని తల దించుకుంది.

మాది కుందుర్పి దగ్గర పల్లె. అక్క కిరాణా అంగడి వాళ్ల కోడలు. మా ఇల్లు వాళ్ల గోడకు ఆనుకునే ఉండేది. మేము ముస్లింలమైనా ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా నాయన ఒక పాత చిన్న కారును బాడుగకు తిప్పేవాడు. ఊరికంతా అదొక్కటే కారు. పొద్దున వచ్చే బస్సులో నిలబడటానికే చోటుండదు కాబట్టి నిండు చూలాలు పోవాలంటే మా కారే గతి. కానీ దానికో అవలక్షణం ఉండేది. మలుపు వస్తే చాలు, అలసిపోయిన ఎద్దులా ఒక పక్కకు ఒరిగిపోయేది. అక్క అత్తను మేమంతా అంగడి అవ్వ అనేవాళ్లం. ఆమె ఒకసారి పెళ్లికని ఆ కారెక్కి గుట్ట మలుపుల్లో తల తిరిగి వాంతి చేసుకుంది. "ఆ పడుకునే కారులో నా కోడల్ని పంపేది లేదు. మంత్రసాని ఉండాది, ఆమె చూస్తుంది" అని పట్టుబట్టి కూర్చుంది.

నేను పరుగున పోయి ఈ సంగతి మా జేజినాయనకు, అంటే మా నాయన తండ్రికి చెప్పాను. ఆయన వయసులో ఉన్నప్పుడు లారీల షెడ్డులో పనిచేసిన మనిషి. బడి దూరమని నన్ను పంపలేదు. అక్షరాలు మా అమ్మ దగ్గర దిద్దుకున్నాను, అంకెలు మాత్రం ఆయన స్పానర్ల మీదే నేర్చుకున్నాను. పద్నాలుగు, పదిహేడు, పందొమ్మిది. ఆయన అడిగిన నంబరు అందిస్తే చాలు, ఆ రోజుకు నా చదువు అయిపోయినట్టే.

అది విని ఆయన మరునాడు పొద్దున్నే అనంతపురం పోయి, సాయంత్రానికి పాత ఇనుము అమ్మే గుజిరీ అంగడి నుంచి ఒక ఒంపు తిరిగిన ఇనుప కమ్మీ భుజాన వేసుకుని వచ్చాడు. అలాంటిదే ఒకటి మా కారు కింద, ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండేది. కారు ఒక పక్కకు ఒరగబోతే ఆ కమ్మీ మెలిపడి, ఒరగనివ్వకుండా నిలబెడుతుంది. మా కారుది చిటికెన వేలంత సన్నం. ఆయన తెచ్చింది బొటనవేలంత లావు.

తరువాతి రోజు కారును రాళ్ల మీదికెత్తి పాత కమ్మీ ఊడదీస్తుంటే అంగడి అవ్వ గోడ మీదుగా తొంగి చూసింది.

"ఏమప్పా సాయిబూ, కారుకు వడ్డాణం చేపిస్తాండావా?"

"నడుము నిలబడాల కదమ్మా, మీ కోడల్ని మోసేదానికి."

"నేను ఎక్కి చూసినాకే మాట. ఒరిగిందా, దిగి నడిచొస్తా."

జేజినాయన నవ్వాడు. ఆయన షెడ్డు పనిలో ఒక నియమం ఉండేది. బండి మీద ఎవరు చెయ్యి పెట్టారో వాళ్లే మొదట అందులో కూర్చోవాలి, ఆ తరువాతే బయటివాళ్లు. "అయితే అమ్మీ, నువ్వు ముందు సీట్లో" అన్నాడు నాతో. నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

కొత్త కమ్మీని రెండు చోట్ల బుష్షులు, అంటే రబ్బరు తొడుగులు, పట్టుకుని ఉండాలి. కమ్మీ లావు కాబట్టి అవి బిగుతుగా ఉండి ఎక్కడం లేదు. "సబ్బు నీళ్లు పూసి ఎక్కించు" అని నాకు చెప్పి ఆయన సాయంత్రపు అసర్ నమాజుకు పోయాడు. చూస్తే చెంబులో నీళ్లు లేవు. ఆ ఏడు చినుకు లేదు. బోరింగు దగ్గర ఒక్క బిందె నిండటానికి ఎంతో సేపు పట్టేది. నాకేమో ఆయన తిరిగొచ్చేలోపల పని అయిపోవాలి. మా ఇంట్లో బిగుసుకున్నది ఏదైనా, తలుపు బందు కానీ, గిలక కానీ, మా నాయనమ్మ జేజి మోకాలు కానీ, మందు ఒకటే, చెనిక్కాయల నూనె. వంటింట్లోంచి గరిటెడు తెచ్చి పూశాను. బుష్షు సర్రున ఎక్కేసింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

జేజినాయన వచ్చి బిస్మిల్లా అని బోల్టులు పట్టించి, కారును కిందికి దించి, చక్రాలు నేలకు ఆనాక కడపటి బిగింపు బిగించాడు. నూనె సంగతి నేను చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పాల్సిన సంగతని తోచలేదు.

పొద్దు వాలకముందే బయలుదేరాం. స్టీరింగు ముందు జేజినాయన, పక్కన నేను, వెనక అంగడి అవ్వ. మొదటి మలుపులో కారు నిటారుగా నిలబడింది. అవ్వ ముందుసీటును గట్టిగా పట్టుకున్న చెయ్యి వదిలేసి, "ఒరగలేదే!" అంది. రెండో మలుపులో కింద ఎక్కడో టక్కుమంది.

"రాయి తగిలినట్లుండాది" అంది అవ్వే.

అక్కడితో పోయేది. ఆమె సంతోషంగానే ఉంది. కానీ నేను నా చేతివేళ్లు వాసన చూసుకున్నాను. రేపు ఈ సీటు వెనక అక్క కూర్చుంటుంది. చెబితే అవ్వ దిగి నడిచిపోతుంది, అక్క ఇంట్లోనే ఉండిపోతుంది. చెప్పకుంటే ఆ చప్పుడు అక్కతో పాటు అనంతపురం దాకా పోతుంది. జేజినాయన వైపు తిరిగి అన్నాను.

"రాయి కాదు జేజినాయనా. నేను సబ్బు నీళ్లు పూయలేదు. నూనె పూసినా."

ఆయన కారు ఆపాడు. కింద దూరి చూసి వచ్చి, కోపం లేకుండా చెప్పాడు. "సబ్బు నీళ్లయితే ఆరిపోతాయి అమ్మీ. రబ్బరు కమ్మీని పట్టుకుంటుంది. నూనె ఆరదు, కమ్మీ పక్కకు జారుతాంది." వెనక్కి తిరిగి, "పని చేసింది పిల్ల. చూసుకోవాల్సింది నేను. తప్పు నాదేనమ్మా" అన్నాడు.

అవ్వ నా వైపు వంగింది.

"ఇంకేమన్నా దాచినావామే?"

"లేదవ్వా."

"ఒట్టు?"

"అల్లా తోడు."

ఆమె దిగలేదు. "అయితే ఇంటికి తిప్పప్పా. మా తొట్లో నీళ్లుండాయి, ముంచుకోని కడిగి సక్రమంగా బిగించు. రేప్పొద్దున్నే పోవాల" అంది.

ఆ తొట్టి నీళ్లు కాన్పుకు ముందు కోడలికి తలస్నానం చేయించడానికి రెండు రోజులుగా బిందె బిందె దాచినవని నాకు తెలుసు. ఆమే స్వయంగా ముంచి ఇచ్చింది. బుష్షులను, కమ్మీని మూడుసార్లు సబ్బుతో కడిగి తుడిచాను. ఈసారి బుష్షు ఎక్కడానికి మొండికేసింది. అరచేతులు ఎర్రబడ్డాయి. అయినా సబ్బు నీళ్లతోనే ఎక్కించాను. మళ్లీ మలుపుల దాకా పోయి వచ్చాం. ఏ చప్పుడూ లేదు.

తెల్లవారి అక్క తలస్నానం లేకుండానే, ముఖం కడుక్కుని కారెక్కింది. గుట్ట మలుపుల్లో ఆమె సీటు పట్టుకోనేలేదని కారు తోలిన మా నాయన తరువాత చెప్పాడు. ఆపరేషను చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. తల్లీబిడ్డలిద్దరినీ అల్లా చల్లగా చూశాడు. వాళ్లను ఇంటికి తెచ్చింది కూడా ఆ కారే.

ఇప్పుడు నేను పసిపిల్లలకు చొక్కాలు, గౌన్లు కుడతాను. ఏది కుట్టినా, ఎంత తొందరలో ఉన్నా, లోపలి కుట్టును నా మెడకు రాసుకుని చూసుకోకుండా ఎవరి చేతికీ ఇవ్వను. గుచ్చుకుంటే విప్పేస్తాను. నా చేతి పనిలో ముందు నేను కూర్చోవాలి. తప్పు జరిగితే, అవతలివాళ్లు ప్రయాణం కాకముందే నా నోటితో చెప్పాలి. అలా చెప్పి నేను ఎన్నడూ చెడిపోలేదు. ఆ ధైర్యం నాకు ఆ రెండో మలుపులో దొరికింది.

మా జేజినాయన కోసం దేవుణ్ణి వేడుకుని దువా చేయడానికి మేమందరం ఉన్నాం. అంగడి అవ్వ చేసిన మేలు మాత్రం ఎక్కువమందికి తెలియదు. కోపం మాని, కరువు ఏట దాచుకున్న నీళ్లు ఒక పిల్ల తప్పు కడగడానికి ముంచి ఇచ్చిన ఆ తల్లిని, మీ దేవుడి ముందు నిలబడినప్పుడు ఒక్కసారి తలుచుకోండి.