ఊపిరి బిగబట్టే చెయ్యి

హెడ్మాస్టరుగారి తెల్లచొక్కా మీద ఆకుపచ్చ పెయింటు పడింది. ఎక్కువేమీ కాదు, జేబు దగ్గర మొదలై బొజ్జ దాకా. ఆయన నిచ్చెన కింద నిలబడి బడి పేరులోని అక్షరాల్ని పరీక్షిస్తున్నారు. పైన వాటిని రాస్తున్న బోర్డులాయన తుమ్మాడు. తుమ్మగానే అతని ఎడమచెయ్యి, ఎవరి అనుమతీ అడక్కుండా, రంగుడబ్బాతో సహా గడ్డం దాకా లేచింది.

మూడేళ్ల కిందట బోర్డులాయన మోటారుసైకిలు మీంచి పడ్డాడు. ఎముకలు విరగలేదుగానీ మెడలోంచి చేతికి దిగే నరాల్లో పైవి రెండు తెగాయి. వేళ్లు ఆడేవి, మోచెయ్యి వంగేది కాదు. అదే వస్తుందిలే అనుకుంటూ ఏడాది పైనే గడిపేశాడు. డబ్బాని ఎడమచేత్తో ఎత్తి పట్టుకోలేక నిచ్చెన మెట్టు మీద పెట్టుకుని, ప్రతి గీతకీ వంగి కుంచె ముంచుకునేవాడు. మళ్లీ లేచేసరికి ముందు గీత ఆరిపోయేది. అక్షరాల్లో అతుకులు తేలేవి. ఇరవై ఏళ్లుగా రాయించుకుంటున్న దుకాణాలవాళ్లు మొహం చాటేశారు. అతనికి వేరే పని రాదు.

చివరికి అక్క అతన్ని ఆసుపత్రికి లాక్కెళ్లింది.

"ఇంత ఆలస్యం చేస్తే ఎలాగయ్యా? మోచెయ్యి వంచే కండ ఎండిపోయింది. ఇప్పుడు నరం కలిపినా లాభం లేదు," అంది డాక్టరమ్మ. ఆపైన కాగితం మీద ఒక కాలు గీసింది. తొడ లోపలివైపు, గజ్జ దగ్గరి ఎముక నుంచి మోకాలి కింద దాకా నాడాలా సన్నగా దిగే కండ ఒకటుంది. కాలిని లోపలికి లాగడం, మోకాలు వంచడం దాని పని. అంతకంటే బలమైనవి పక్కనే ఉండి ఆ పనే చేస్తాయి కనుక, అది లేకపోయినా నడక చెడదు. దాని ముఖ్యమైన రక్తనాళం, నరం పైభాగంలో దగ్గర దగ్గరగా దిగుతాయి. అందుకే తీసి చేతిలో కుట్టి, ఊపిరికి పనిచేసే పక్కటెముకల నరాలకి కలపవచ్చు.

బోర్డులాయన కుడిచేత్తో కలం అందుకుని ఆమె వంకర గీతను సరిచేశాడు. "ఇలా కదండీ మేడమ్?"

"అయితే నడిచినప్పుడల్లా చెయ్యి ఎత్తుతాడా?" అంది అక్క భయంగా.

"నడిస్తే కాదమ్మా, ఊపిరి పీలిస్తే. మొదట్లో దగ్గినా తుమ్మినా కూడా."

ఆపరేషనైంది. ఊపిరి నిండా పీల్చి, బిగబట్టి, చెయ్యి వంచబోవాలి. రోజుకి వందసార్లు. అయిదు నెలలు చేశాడు. చెయ్యి ఉలకలేదు, పలకలేదు. ఇంటికొచ్చినవాళ్లు ఆ కండ ఎక్కడిదని అడిగితే అక్క "కాలిదిలెండి" అని మాట తప్పించేది.

ఒక సాయంత్రం గోడ మీద సుద్దముక్కతో ఊరికే ఓ పొడుగు గీత మొదలుపెట్టాడు. బోర్డులు రాసేవాళ్లెవరైనా పొడుగు గీతకి ఊపిరి బిగబడతారు, లేకుంటే గీత వణుకుతుంది. అతనూ బిగబట్టాడు. ఎడమచేతిలో, చర్మం కింద, చేపపిల్లలా ఏదో కదిలింది. గీత పూర్తయ్యేదాకా చూడలేదు. పూర్తయ్యాక ఆ చేతిని పట్టి చూసుకున్నాడు.

"అక్కా!"

ఆమె తడిచేతులతో పరిగెత్తుకొచ్చి అతని చేతి మీద అరచెయ్యి ఆనించింది. "ఏదీ, మళ్లీ గియ్యరా." గీశాడు. మళ్లీ గీశాడు. చీకటిపడేసరికి గోడంతా గీతలే.

డబ్బా ఎత్తేంత బలం రావడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ చెయ్యి డబ్బా పట్టి నిచ్చెనెక్కిన మొదటి పని ఈ బడి బోర్డే.

"చెయ్యి అదుపులో లేనివాడివి నిచ్చెనెందుకెక్కావయ్యా? నా చొక్కా చూడు!" అని అరిచారు హెడ్మాస్టరు.

బోర్డులాయన పైనుంచి చొక్కానీ, తన చేతినీ మార్చి మార్చి చూశాడు.

"దాదాపు రెండేళ్లు తుమ్మినా లేవని చెయ్యి ఇదండీ, మాస్టారూ."