పద్నాలుగు వేల నాలుగు వందల సెకన్లు

ఆ బుధవారం ముహూర్తం పది గంటల నలభై నిమిషాలకు. అత్వెల్లిలోని మా ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా నిమిషం చూసేది నేనే. మా కోడలు నలుగురు ఆడవాళ్లతో కుట్టు కేంద్రం నడుపుతుంది. బౌరంపేట్‌లోని ఒక బడి యూనిఫారాల పని దొరికితే ఏడాదంతా మిషన్లు ఆగవు. ఆ బడి ప్రిన్సిపాల్ మేడం రెండు గంటలకు మా వెబ్‌సైట్ చూసి తేలుస్తానన్నారు.

వెబ్‌సైట్ పేరు పాతదే. పాత సర్వర్‌లో జాకెట్ల డిజైన్లున్నాయి, కొత్త సర్వర్‌లో యూనిఫారాలు పెట్టాం. పేరు మనుషుల కోసం. యంత్రాలు వెతుక్కునేది దాని వెనుక ఉన్న అంకెల చిరునామాను. సరిగ్గా పది నలభైకి కోడలు పాత అంకెలు తీసి కొత్తవి పెట్టింది. నా ఫోన్‌లో తెల్ల చొక్కాలు, నీలం గౌన్లు! చప్పట్లు కొట్టాను.

వెంటనే సూరారంలోని మా చెల్లెలికి ఫోన్ చేశాను.

"నాకు గా జాకెట్లే కనవడుతున్నయ్ అక్కా. ముహూర్తం మీ ఇంటికేనా, సూరారం దాకా రాలేదా?"

కోడలి ముఖం వాడిపోయింది. "నిన్ననే మార్చాల్సింది అత్తమ్మా. నెట్ కంపెనీల కంప్యూటర్లు ఒకసారి అడ్రస్ తెలుసుకుంటే కొంతసేపు మళ్ల అడగయి. పాతదే యాదిల పెట్టుకుంటయి. మన నెట్ కంపెనీది ఇప్పుడే అడిగినట్టుంది, చిన్నత్తమ్మది ముందే అడిగి పెట్టుకుంది."

"కొంతసేపంటే ఎంతసేపు?"

"ఏమో, కొంతసేపు."

నాకు అలాంటి మాట గిట్టదు. "గా లెక్క ఏడనో రాసి ఉంటది, చూడు."

అంకెలు మార్చిన పేజీలోనే, వాటి పక్కన ఉంది: 14400 సెకన్లు. గంటకు మూడు వేల ఆరు వందలు. అంటే నాలుగు గంటలు! మార్చడానికి ఒక్క నిమిషం ముందు అడిగిన కంప్యూటరైనా రెండు నలభైలోపు మళ్లీ అడగాల్సిందే.

"మేడంను మూడింటికి చూడమను."

"వద్దత్తమ్మా, సాకులు చెప్తున్నమనుకుంటది."

నేనే ఫోన్ చేశాను. "రెండింటికి చూస్తే మీకు జాకెట్లు కనవడొచ్చు మేడం" అని మొదలుపెట్టి లెక్కంతా చెప్పాను. "రెండు నలభై సాలు. ఇరవై నిమిషాలు ఎక్కువేసిన." ఆమె పెద్దగా నవ్వి, సరేనన్నారు.

ఇక పావుగంటకోసారి చెల్లెలి ప్రాణం తీశాను. రెండు ఇరవై ఆరుకు అటునుంచి కేక: "నీలం గౌన్లొచ్చినయ్ అక్కా! ఇగ నన్ను అన్నం తిననియ్యి!"

మూడు గంటల ఏడు నిమిషాలకు మేడం ఫోన్ వచ్చింది. నమూనాకు ఒక జత కుట్టి సోమవారం తెమ్మన్నారు. నేను ఆ మాట పూర్తిగా వినేలోపే కోడలు కత్తెర అందుకుంది.