సైలెన్సర్‌లో జాలీ

మా నాయన మోటార్ సైకిల్ మోతను గని కూలీల ఇళ్ళ లైనంతా తిట్టుకునేది. మేం ముగ్గురం మాత్రం ఎప్పుడూ తిట్టలేదు. అమ్మ, తమ్ముడు, నేను ఆ రోజుల్లో బతికి బట్టకట్టింది ఆ మోత వల్లే.

కోలారు దగ్గరి కేజీఎఫ్‌లో బంగారు గనులు ఇంకా మూతపడని కాలం. కంపెనీ సర్కారుదైపోయి చాలా ఏళ్ళయినా మా లైను ఇళ్ళకు పాత రేకుల కప్పులే. నాయన గనిలో డ్రిల్లింగ్ మనిషి. పగలంతా రాతిని తొలిచి, సాయంత్రం స్నానం చేసి, బండెక్కి సారాయంగడికి పోయి, చీకటి పడే వేళకు చేతుల తీట తీర్చుకోవడానికి ఇంటికి వచ్చేవాడు. సైలెన్సర్ లోపల మోతను అణిచే జాలీ ఒకటి ఉంటుంది. మెకానిక్ చేత దాన్ని పీకించేశాడు. మగాడి బండి అరవాలట. అరిచేది. గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ మలుపులో ఉండగానే మా ఇంటి రేకులు అదిరేవి.

ఆ మలుపు నుంచి మా గడప దాకా దొరికే కాస్త సమయంలో అమ్మ పొయ్యి మీది కుండ దించి మంచం కిందికి తోసేది. కత్తిపీటను బియ్యం డబ్బా వెనక దాచేది. మమ్మల్నిద్దర్నీ పెరటి తడిక దాటించి పక్కింటికి పంపేది. పక్కింటి అవ్వ మోత వినగానే తన వెనక తలుపు గడియ తీసి పెట్టేది. ఎవరూ ఎవరికీ చెప్పి చేసుకున్న ఏర్పాటు కాదది. అమ్మ మాత్రం మాతో వచ్చేది కాదు.

"నేను గూడా లేకుంటే మీకోసరం తడిక దాటి వస్తాడు" అనేది.

ఆ తర్వాత జరిగేదంతా గోడ ఇవతల నుంచి వినేవాళ్ళం. తమ్ముడు చెవులు మూసుకునేవాడు. నేను మూసుకునేదాన్ని కాదు. ఒక్కో దెబ్బా వింటూ పళ్ళు కొరికేదాన్ని.

ఒకరోజు బంగారుపేటలో పోలీసు నాయనను ఆపాడు. బండి పాతబడింది, రిజిస్ట్రేషన్ గడువు తీరింది, బండిని పరీక్షకు పెట్టి ఎఫ్.సి. కాగితం తెచ్చుకునేదాకా రోడ్డెక్కించకూడదు అన్నాడు. పోలీసు మీది కోపమంతా ఆ సాయంత్రం అమ్మ వీపు మీద తీరింది.

కోలారులో బండ్లు పరీక్షచేసే మైదానానికి నాయన నన్ను కూడా ఎక్కించుకుపోయాడు. దారిలోనే పాఠం చెప్పాడు.

"ఆ ఇన్‌స్పెక్టరప్ప కాదంటే నువ్వు ఏడ్వల్ల. ఆడబిడ్డ ఏడిస్తే సంతకం పెట్టేస్తాడు."

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ స్టార్ట్ చేయమన్నాడు. నాయన కిక్కు కొట్టాడు. వరసలో ఉన్న టమాటా లారీల డ్రైవర్లు చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నారు. ఇన్‌స్పెక్టర్ ఇంజన్ ఆపించి, సైలెన్సర్ వెనక నుంచి ఒక పుల్ల దూర్చాడు. అది ఎక్కడా ఆగకుండా లోపలికి పోయింది.

"జాలీ యాడప్పా? కంపెనీ సైలెన్సర్ వేసుకొని బా. ఇట్ల ఐతే సంతకం ఇల్ల."

నాయన నా వైపు చూశాడు. నేను ఏడవలేదు. నాయన ఎదుట ఏడవకూడదని నాకు నేనే ఎప్పుడో ఒట్టు పెట్టుకున్నాను. ఇన్‌స్పెక్టర్ ముందు చేతులు కట్టుకుని "ఆగలి సార్, అట్లనే" అన్న మనిషి, గేటు దాటగానే నా జుట్టు పట్టి లాగి, కాలుతున్న సైలెన్సర్‌కు నా పిక్కను ఆనించి పట్టాడు.

"ఇప్పుడు ఏడుస్తావా?" అన్నాడు.

అప్పుడూ ఏడవలేదు. మచ్చ ఇంకా ఉంది. చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

"అప్పుడే చెప్పినాను గదన్నా, జాలీ తీస్తే ఎఫ్.సి. రాదని" అన్నందుకు మర్నాడు మెకానిక్ చెంప పగిలింది. పగిలిన చెంపతోనే అతను కొత్త సైలెన్సర్ బిగించాడు. ఈసారి నాయన ఒక్కడే కోలారు పోయాడు. బండి పాసైంది.

ఆ సాయంత్రం దిబ్బ మలుపులో ఏ మోతా లేదు. అమ్మ పొయ్యి ముందు సంగటి కెలుకుతోంది. తమ్ముడు గిన్నె పట్టుకుని పక్కనే కాచుకున్నాడు. నేను వెల్లుల్లి ఒలుస్తున్నాను. మేం విన్న మొదటి చప్పుడు తలుపు మీద తన్ను.

రెండో తన్ను అమ్మ వీపుకు, మూడోది కుండకు. ఉడుకుతున్న సంగటి తమ్ముడి చేతి మీద మోచేతి దాకా పడింది. వాడి కేకకు నాయన ఇంకా రేగిపోయాడు. అమ్మ వాడి మీద బోర్లా పడి అడ్డుకుంది. కత్తిపీట దాచే వ్యవధి ఎక్కడిది, ఎదురుగానే ఉంది. దాన్ని చెక్క వైపు తిప్పి అమ్మను కొట్టాడు, చేయి అలిసేదాకా కొట్టాడు. నేను ఎగిరి ఆయన మణికట్టు కొరికాను. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. అది ఆయన రక్తమని సంతోషించాను. విసిరికొడితే గోడకు తగిలి పడ్డాను.

కేకలు విని అవ్వ వచ్చేసరికి నాయన మంచం మీద గురక పెడుతున్నాడు.

"మోతే రాలేదు గదమ్మా, గడియ తీయల్లని నాకు యెట్ల తెలస్తాది?" అని అవ్వ తమ్ముడి చేయి పట్టుకుని ఏడ్చింది. అమ్మ వాకిట్లో నిలబెట్టిన బండినే చూస్తూ కూర్చుంది.

తెల్లవారి నాయన షిఫ్టుకు నడిచి పోయాడు. గని దగ్గరే. ఆయన అటు పోగానే అమ్మ గడ్డపార తెచ్చింది. చేయి వాచి ఉంది. గడ్డపార మొనను సైలెన్సర్ వెనక రంధ్రంలోకి దూర్చి నన్ను పట్టుకోమంది. తను బండరాయి ఎత్తి బాదింది.

"నీ ఎఫ్.సి.కి మన్ను పడ! నా బిడ్డ చెయ్యి కాలస్తావా?"

అమ్మ దేన్నైనా కొట్టడం నేను చూడటం అదే మొదలు. ఒక్కో దెబ్బకు నా అరచేతులు తిమ్మిరెక్కాయి. వదల్లేదు. చివరికి లోపల జాలీ విరిగి ముక్కలై రాలింది. అమ్మ వాటిని ఏరి గుంతలో పూడ్చింది. సైలెన్సర్ పైకి కొత్తదిలా మెరుస్తూనే ఉంది.

సాయంత్రం నాయన కిక్కు కొట్టగానే రేకులు అదిరాయి. జాలీ విరగ్గొట్టింది కనిపెడతాడేమో అనుకున్నాం. ఆయన ముఖం మాత్రం వెలిగిపోయింది.

"చూసినావా? నా బండి ముందర వాళ్ళ జాలీ ఒక దినం గూడా నిలబడలేదు!" అని తొడగొట్టి సారాయంగడికి పోయాడు.

చీకటి పడుతుండగా దిబ్బ మలుపులో మోత వినిపించింది. వెంటనే అవ్వ గడియ తీసిన చప్పుడూ వినిపించింది. అమ్మ కుండ దించలేదు, కత్తిపీట దాచలేదు. తమ్ముణ్ణి చంకనెత్తుకుని, నన్ను ముందుకు తోసి, మొదటిసారి తను కూడా తడిక దాటింది. అవ్వ వాళ్ళింట్లో అడుగుపెట్టగానే వెనక తలుపు గడియ వేసి దాని ఎదురుగా కూర్చుంది. గడ్డపార ఆమె ఒళ్ళో ఉంది.

"ఇంగ రానీ" అంది.