ఆషాఢంలో తీసిన సి పాఠాలు

తొంభైల చివర్లో రాజమండ్రిలో ఒక చిన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో నేను సి లాంగ్వేజ్ చెప్పేదాన్ని. మేడ మీద రెండు గదులు, ఆరు కంప్యూటర్లు. క్లాసులో అందరూ డిగ్రీ పిల్లలే, ఒక్కావిడ తప్ప. ఆవిడకి యాభై దగ్గర పడ్డాయి. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో టైపిస్టు. మీకు ప్రోగ్రాములెందుకు, కంప్యూటర్ మీద టైపింగ్ నేర్చుకుంటే చాలు కదా అని మొదటిరోజే అడిగాను.

"కొట్టడం నాకొచ్చండి. కొట్టింది దానికెలా అర్థమవుద్దో అది కావాలి" అన్నారు.

గోదావరికి వరదొచ్చే రోజుల్లో ఆవిడకి ఆఫీసు వదిలి రావడం కుదిరేది కాదు. తప్పిపోయిన పాఠాలు క్యాసెట్ మీద తీసిస్తే ఇంట్లో వీసీఆర్‌లో చూసుకుంటానన్నారు. అలాంటిది నేనెక్కడా వినలేదు. అయినా ఆ ఆలోచన నన్ను వదల్లేదు.

మా కింద వాటాలో పెళ్ళి వీడియోలు తీసే ఆయన ఉండేవారు. ఆషాఢం, ముహూర్తాల్లేవు, సరేనన్నారు. తీరా తీస్తే టీవీలో నా గొంతు బాగానే వినబడింది కానీ, కంప్యూటర్ తెర మీద నల్లటి పట్టీలు కిందనుంచి పైకి పాకుతున్నాయి. మామూలు కంటికి కనబడనివి కెమెరాకెలా కనబడుతున్నాయని ఇద్దరం రెండు మధ్యాహ్నాలు తలలు బద్దలు కొట్టుకున్నాం. షట్టరేదో మార్చి చివరికి ఆయనే వాటిని దాదాపు ఆపగలిగారు.

ఆరోజు పాఠం రెండు అంకెలు తీసుకుని కూడటం. వందసార్లు చెప్పిందే. రెండూ మూడూ ఇస్తే జవాబు వేలల్లో వచ్చింది. కెమెరా తిరుగుతూనే ఉంది. ఏమైందండి అని ఆయన వెనకనుంచి అడిగితే, ఆయనకి చెబుతూనే వెతికాను. ముందు అంకెలు మార్చి చూశాను. తర్వాత తీసుకున్న అంకెలనే, కూడకుండా, తెర మీద వేయించాను. అవే తప్పుగా ఉన్నాయి. అంటే కూడికలో లోపం లేదు, తీసుకోవడంలోనే ఉంది. అప్పుడు కనబడింది: అంకెను ఎక్కడ దాచాలో చోటు చెప్పే చిన్న గుర్తు పెట్టడం మర్చిపోయాను.

ఆ ముక్క తీసేయమని ఆయనతో అని, పాఠం మళ్ళీ శుభ్రంగా చెప్పాను. ఆయన తలూపారు. కానీ క్యాసెట్‌లో మంచి పాఠం అయిపోయాక ఆ తప్పు వెతికిన ముక్క కూడా వేసేసి, దాన్ని ఆవిడ చేతికే ఇచ్చేశారు. ఎందుకలా చేశారని అడిగితే, తనకి అర్థమైంది అక్కడేనన్నారు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

వరద తీశాక ఆవిడ వచ్చి, చివర్లో ఉన్న ఆ ముక్క మూడుసార్లు చూశానని చెప్పారు.

"మీరెప్పుడూ అన్నీ ముందే తెలిసినట్టు చెప్తారండి. తెలియనప్పుడు ఏం చేస్తారో ఇందులోనే చూశాను."

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి ఆ క్యాసెట్‌లో నన్ను నేను చూసుకున్నాను. వెతుకుతున్నంతసేపూ నాలో నేను గొణుక్కుంటున్నాను, ఒక్కో వరుస మీద పెన్ను ఆనించి ఆగుతున్నాను. ఇన్నేళ్ళుగా నేను చేస్తున్న ఆ పని ఒక్క విద్యార్థికీ నేర్పలేదని అక్కడే తెలిసింది.

శ్రావణం పెళ్ళిళ్ళు మొదలయ్యేలోపు ఇంకో నాలుగు క్యాసెట్లు తీశాం. ప్రతి పాఠంలోనూ ఒక చెడిపోయిన ప్రోగ్రాం ఉండేది. ఏదో ఒక గుర్తు తీసేసి వాటిని ఆ వీడియో ఆయనే పాడు చేసేవారు, ఎక్కడ చేశారో నాకు చెప్పకుండా. ఒకసారి అరగంట వెతికినా దొరకలేదు. ఆయన నవ్వలేదు, ఆత్రంగా చూస్తూ నిలబడ్డారు. డిగ్రీ పిల్లలు ఆ క్యాసెట్ కోసమే వంతులేసుకున్నారు.

దసరా వెళ్ళాక ఆవిడ, వారం రోజుల గోదావరి నీటిమట్టాలకి సగటు తీసే ప్రోగ్రాం సొంతంగా రాసుకొచ్చారు. కాగితం మీద, చక్కటి టైపులో.