దాంతన్ దాటితే ఎత్తొద్దు

మొన్న పూజా సెలవుల్లో ఖరగ్‌పూర్ తాల్‌బగీచా నుంచి మేం నాలుగు రిటైర్డ్ జంటలం భూటాన్ చూద్దామని బయలుదేరాం. సరిహద్దు ఊరు జయ్‌గావ్‌లో ఆ రంగురంగుల గేటు దాటి ఇరవై అడుగులు వేశామో లేదో, నా జేబులో ఫోను గుర్రుమంది. మీరు వేరే దేశంలోకి వచ్చారు, కాల్ చేస్తే నిమిషానికి ఇంత, వచ్చిన కాల్ ఎత్తినా ఇంత, నెట్ తెరిస్తే ఇక మీ ఖర్మ అని ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా రాసి ఉంది. ఎనిమిదో తరగతిలోనే బడికి నమస్కారం పెట్టినవాణ్ణే గాని, రోమింగ్ అన్న మాట ఏ భాషలో రాసినా గుర్తుపట్టగలను. మా ఆవిడ నా మొహం చూసి, “ఏటి, మళ్ళీ దాంతన్ వచ్చీసిందేటి?” అంది. పక్కవాళ్ళకి అర్థం కాలేదు గాని, గేటు కాపలావాడు అనుమానపడేంతగా మేమిద్దరం నవ్వుకున్నాం.

నా ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇప్పటి పిల్లలకి చెప్పినా నమ్మరు. సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో విదేశం వెళ్ళడానికి పాస్‌పోర్టు అవసరం ఉండేది కాదు, ఖరగ్‌పూర్‌లో రైలెక్కి కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే చాలు. దాంతన్ స్టేషన్ దాటగానే బెంగాల్ అయిపోయి ఒరిస్సా మొదలయ్యేది, అక్కణ్ణించి ఫోను లెక్కలో మనం పరాయివాళ్ళం. ఎవరో మనకి చేసిన కాల్ ఎత్తినా మన బ్యాలెన్సే కరిగిపోయేది. అందుకే పలాస, శ్రీకాకుళం వైపు చుట్టరికాలున్న మా రైల్వే వర్క్‌షాపు కుటుంబాల్లో దాంతన్ దాటితే ఎత్తొద్దు అన్నది పెద్దలూ పిన్నలూ తు.చ. తప్పక పాటించే నియమం. మోగుతున్న ఫోనుని అరచేతిలో పెట్టుకుని, పసిపాపని చూసినంత ముద్దుగా చూస్తూ కూర్చునేవాళ్ళమే తప్ప, ఎత్తిన పాపాన పోలేదు.

ఎత్తకుండానే సంగతి తెలిసే ఉపాయం కనిపెట్టినవాణ్ణి నేనే. రైల్వేవాణ్ణి కదా, ఇంజను కూతకి అర్థం ఉన్నప్పుడు మిస్డ్ కాల్‌కి ఎందుకు ఉండకూడదనుకున్నాను. పెళ్ళైన తొమ్మిదేళ్ళకి, ఒకసారి కడుపు పోయి ఏడ్చాక, మా ఆవిడ మళ్ళీ నీళ్ళోసుకుని పురిటికి పలాస వెళ్ళినప్పుడు, మా బావమరిదిని కూర్చోబెట్టి పాఠం చెప్పాను. ఒక మిస్డ్ కాల్ అయితే మగపిల్లాడు, రెండైతే ఆడపిల్ల, మూడు వస్తే ప్రమాదం. మా అత్తగారికి విడిగా ఇంకో ముక్క చెప్పాను, ఆ పెట్టె ఎంత మోగినా మీరు మాత్రం ముట్టుకోవద్దని. ఆవిడ తల ఊపింది. ఆవిడ తల ఊపితే సంతకం పెట్టినట్టే.

నొప్పులు మొదలయ్యాయని కబురు రాగానే సెలవు చీటీ రాసి, పొద్దున్న రైలెక్కేశాను. ఎదురుగా కటక్ వెళ్తున్న ఒక బెంగాలీ పెద్దాయన. బాలాసోర్ వచ్చేసరికే నా సంసారం మొత్తం ఆయనకి అప్పజెప్పేశాను. బాలాసోర్ దాటాక ఫోను మోగి ఆగింది. కొడుకు! పెద్దాయన చేతులు పట్టుకుని ఊపేశాను. ఇంతలో మళ్ళీ మోగి ఆగింది. అయితే కూతురు, మరీ మంచిదే అన్నాను. మూడోసారి మోగింది.

మూడంటే ప్రమాదం. “ధొరూన్ దాదా, ధొరూన్!” అని ఎత్తమంటూ పెద్దాయన అరుస్తుండగానే అదీ ఆగిపోయింది. నేనే చేశాను. “బావా, బేగి రా!” అన్న ఒక్క ముక్కా, వెనకాల మా అత్తగారి ఏడుపూ వినిపించి, బ్యాలెన్సు హరీమంది. ఖరగ్‌పూర్ రీచార్జి కూపను ఒరిస్సా ప్లాట్‌ఫారాల మీద ఎక్కడ దొరుకుతుంది? పెద్దాయన తన రోమింగ్ మాటెత్తకుండా తన ఫోను నా చేతిలో పెట్టాడు. దాంతోనూ చేశాను. అవతల మోగి మోగి ఆగింది, ఎవరూ ఎత్తలేదు. కటక్‌లో దిగేముందు నా తలమీద చెయ్యి పెట్టి ఏదో గొణిగి వెళ్ళాడు. అక్కణ్ణించి పలాస దాకా, నా జీవితంలో మొదటిసారీ చివరిసారీ, ఒక్క జోకూ వెయ్యలేదు.

సాయంత్రం పలాసలో దిగేసరికి బావమరిది ఇంత మిఠాయి డబ్బాతో నిలబడి ఉన్నాడు. వాణ్ణి కొట్టాలో కావలించుకోవాలో తెలియక కాలరు పట్టుకున్నాను.

“మూడెందుకు కొట్టినావురా?”

“నీ లెక్కే కదేటి బావా! అబ్బాయికొకటి, అమ్మాయికి రెండు. ఇద్దరూ పుట్టినారు!”

ఇప్పటిలా మాటిమాటికీ స్కానింగులు లేవు. మా అత్తగారు పొట్ట చూసి బొండాంలాంటి మగపిల్లాడని తేల్చేశారు, మేం సరే అనుకున్నాం. ఆస్పత్రిలో ఆవిడ ఒళ్ళో ఒకరు, మా ఆవిడ పక్కలో ఒకరు. మరి ఫోను మోగితే ఎత్తలేదేమని అడిగితే, ఇంకా ఆనందంతో ముక్కు చీదుకుంటూనే, “ఆడు మిఠాయికెళ్ళినాడు. ముట్టుకోవద్దని మీరే సెప్పినారు కదా బాబూ!” అంది. మంచం మీంచి మా ఆవిడ, “నియమం పెట్టినోడికి ఆ మాత్రం కావాలిలే,” అంది. ఆ గొంతు విన్నాకే నా కాళ్ళు నేలమీద ఆనాయి.

ఆ రోజునుంచి మా ఇంట్లో మూడు మిస్డ్ కాల్స్ అంటే ప్రమాదం కాదు, ఇద్దరూ క్షేమం అని. తర్వాత రాష్ట్రాల మధ్య రోమింగ్ పోయింది, దాంతన్ మళ్ళీ మామూలు స్టేషనైపోయింది. ఇప్పుడు పిల్లలతో గంటలకొద్దీ మాట్లాడతాం, ఫోను పెట్టేశాక ఏం మాట్లాడుకున్నామో గుర్తుండదు. మాట ఖరీదైన కాలంలో ఒక్కో మోతనీ ఊపిరి బిగబట్టి లెక్కపెట్టుకున్నాం; చవకయ్యాక ఫోను మోగుతుంటే, ఎవరో చూడవే అని మా ఆవిడకి పురమాయిస్తున్నాను.

భూటాన్ హోటల్లో వైఫై ఉంది, వీడియో కాల్ చెయ్యొచ్చని కుర్రాళ్ళెవరైనా చెబుతారు. నేను మాత్రం కిటికీ దగ్గర నిలబడి, ఇద్దరికీ చెరో మూడు మిస్డ్ కాల్స్ కొట్టాను, మేమిద్దరం క్షేమం అని. మా ఆవిడ తల కొట్టుకుంది. టీ చల్లారేలోగా ఫోను ఒకసారి మోగి ఆగింది, అది కొడుకు. కాసేపటికి ఇంకోసారి మోగి ఆగింది, వెంటనే మరోసారి, అది కూతురు. మొత్తం మూడు.

ఎక్కడ ఎత్తేస్తానోనని మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నేనెందుకు ఎత్తుతాను?