ఒంటెకు దొరికిన జాగ

మెదక్‌లో ఎవరైనా ఏదైనా సాధిస్తే, రాందాస్ చౌరస్తాలో ఫ్లెక్సీ పడేదాకా అది జరిగినట్టు లెక్క కాదు. పదవి వచ్చినా, పుట్టినరోజు వచ్చినా, మాల వేసుకున్నా ఫ్లెక్సీ ఉండాల్సిందే. నాది విత్తనాలు, ఎరువుల దుకాణం. యూరియా బస్తాల మధ్య కూర్చునేవాడికి ఫ్లెక్సీ యోగం అంత తొందరగా పట్టదు. మొన్న పట్టింది.

మక్క విత్తనం బాగా అమ్మిన డీలర్లను కంపెనీవాళ్ళు ఏటా ఎక్కడికో ఒక దగ్గరికి విమానంలో తీసుకుపోతారు. మామూలుగా అయితే బ్యాంకాక్. ఈసారి మక్కజొన్న పుట్టిన దేశమే చూపిస్తామని మెక్సికో అన్నారు. సముద్రం ఒడ్డున హోటలు, ఒకరోజు గైడుతో మాయన్ల పాత కట్టడాల దగ్గరికి బస్సు యాత్ర. భార్యాభర్తలు ఇద్దరూ రావాలన్నది కంపెనీ రూలు. హవేలిఘనపూర్ దాటి అవతలి ఊళ్ళలో కూడా నా పేరు తెలిసిపోవాలని స్నేహితులు పట్టుబట్టారు. నేను వద్దు వద్దంటూనే ఏ ఫోటోలో బాగుంటానో వెతికి పంపాను.

ఫ్లెక్సీ పడింది. అందులో నేను నల్లద్దాలు పెట్టుకుని చేతులు జోడించి నిలువెత్తున ఉన్నాను. నా వెనక మాయన్లదనుకుని పెట్టిన పిరమిడ్డు. దాని ముందు ఇసుక, ఇసుకలో ఒక ఒంటె. అది ఈజిప్టు పిరమిడ్డని ఫ్లెక్సీ వేసినతనికి తెలియదు, నాకు తెలియదు, చౌరస్తాలో ఆగి చూసినవాళ్ళెవరికీ తెలియదు. కింద గుండ్రటి చట్రాల్లో శుభాకాంక్షలు చెప్పే మిత్రుల ముఖాలు. నా దగ్గర ఉద్దెర తీసుకుని ముఖం చాటేసినవాడు కూడా ఒక చట్రంలో నవ్వుతున్నాడు.

మా ఆవిడ కూరగాయలకు పోయి దాన్ని చూసి వచ్చింది. ఆమె ఇంటి ముందు గదిలో జాకెట్లు కుడుతుంది. లగ్గాల కాలంలో కుట్టుమిషన్ ఆపి నాతో రావడమంటేనే ఆమెకు సుఖం లేదు. అయినా నా ముచ్చట కాదనలేక ఒప్పుకుంది. ఆ రోజు కూరగాయల సంచి కింద పెట్టి, నా వైపు చూసి ఒకటే మాట అడిగింది.

"గంత పెద్ద ఫ్లెక్సీల ఒంటెకు జాగ దొరికింది. నాకు దొరకలేదా?"

సారీ అని ఒక్క ముక్క అంటే అక్కడితో అయిపోయేది. నేను మగమహారాజును కదా, ఫ్లెక్సీ వేసినతని మీదికి తోశాను. ఆ తర్వాత ఆమె మూగనోము పట్టింది. అన్నం పెట్టేది, బట్టలు సర్దేది, బీపీ గోళీ గ్లాసు పక్కన పెట్టేది. మాట మాత్రం లేదు. అవసరమైతే గోడతోనో టీవీతోనో చెప్పేది. "గీజర్ బంద్ చెయ్యాలె" అని ఆమె టీవీకి చెబితే నేను లేచి వెళ్ళి గీజర్ ఆపేవాణ్ణి. నాలుగు రోజుల్లో కోపం దిగుతుందిలే అనుకున్నాను. విమానం ఎక్కినా దిగలేదు. అంత దూరం గాలిలో పక్క పక్క సీట్లలో కూర్చుని, ఆమె కిటికీతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. నాకు అప్పుడు మొదటిసారి భయం వేసింది. ఇది ఇట్లాగే అలవాటైపోతే ఎట్లా?

మా గుంపులో శివ్వంపేట నుంచి ఒక డీలరు, ఆయన భార్య ఉన్నారు. మా ఆవిడ ఆమెను అక్కా అని పిలవడం మొదలుపెట్టింది. దాంతో గోడకూ టీవీకీ సెలవు దొరికింది. ఇక మా కాపురమంతా ఆ శివ్వంపేట అక్క మీదుగా నడిచింది. గోళీ వేసుకున్నానో లేదో మా ఆవిడ తరఫున అక్క అడిగేది, వేసుకున్నానని నేను అక్కకే చెప్పేవాణ్ణి. మధ్యలో మా ఇద్దరికన్నా ఆమెకే ఎక్కువ అలసట.

యాత్ర రోజు పొద్దున్నే బస్సెక్కాం. దారిపొడవునా చిట్టడవి, మధ్యలో మక్క చేన్లు. డీలర్లందరూ కిటికీలకు అతుక్కుపోయారు. చేను పలచగా ఉందని ఒకరు, జింక్ లోపమని ఇంకొకరు. బస్సులో సకినాలు, పల్లిపట్టీలు ఇటు నుంచి అటు తిరుగుతున్నాయి. గైడు పొట్టి మనిషి, మీసాలాయన, ఇంగ్లీషులో చెప్పేవాడు. కంపెనీ మేనేజరు దాన్ని మాకు తెలుగు చేసేవాడు. గైడు చేతిలో పసుపు గొడుగు ఉంది. ఆ గొడుగు ఎటు పోతే అటు రావాలి, తప్పిపోవద్దు అని మరీ మరీ చెప్పాడు. తప్పిపోవడానికి మేమేమైనా పిల్లలమా అని నేను బస్సంతా వినపడేటట్టు నవ్వాను.

దిగగానే ఎండ మాడు మీద చరిచింది. మన మే నెలకు తీసిపోదు. చెట్ల మధ్య నుంచి నడిచి మైదానంలోకి వచ్చేసరికి ఎదురుగా పిరమిడ్డు. తల వెనక్కి వంచి చూశాను. నాలుగు పక్కలా మెట్లు, పైన చిన్న గుడి. కానీ నా కళ్ళు దేనికోసమో వెతుకుతున్నాయి. కాసేపు చూసి, మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఒంటెలు ఏ పక్క ఉంటాయని అడిగాను.

అతను నన్ను ఎగాదిగా చూసి, ఒంటెలు ఈజిప్టులో ఉంటాయి, ఇక్కడ ఉండవని మెల్లగా చెప్పాడు. మెల్లగా చెప్పినా అందరికీ వినపడింది. మా ఆవిడ పక్కకు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని తెలిసి నాకు రోషం, దానితోపాటు కొంచెం ఆశ కలిగాయి.

పిరమిడ్డు ఎక్కనివ్వరని తెలిసి మావాళ్ళు నీరసపడిపోయారు. పైన గుడి పెట్టుకుని కింది నుంచే దండం పెట్టుకుని పొమ్మంటే ఎట్లా? మా ఏడుపాయల అమ్మవారి గుడిలో జాతర నాడు కూడా ఏదో ఒక సందు దొరుకుతుంది కదా అని ఒకాయన సెక్యూరిటీవాడితో తెలుగులోనే మాట్లాడి చూశాడు. అతను చేత్తో వెనక్కి పొమ్మన్నాడు. గైడు మెట్ల ముందు నిలబడి చప్పట్లు కొడితే పిట్ట కూసినట్టు తిరిగి వినిపించింది. మేమంతా ఒక్కసారిగా, ఇదేముంది, గోల్కొండలో కొట్టినా పైకి వినపడుతుందని అన్నాం. మేనేజరు పాపం ఆ మాట గైడుకు చెప్పలేదు.

తర్వాత గైడు మమ్మల్ని ఒక చెట్టు నీడకు చేర్చి, మాయన్ల దేవుళ్ళు మనిషిని ఎట్లా చేశారో చెప్పాడు. మొదట మట్టితో చేశారట. వానకు కరిగిపోయాడు. తర్వాత కట్టెతో చేశారు. వాడు నడిచాడు, మాట్లాడాడు, పిల్లల్ని కన్నాడు, కానీ లోపల గుండె లేదు. చేసినవాళ్ళనే తలచుకోలేదు. అందుకని వరద పంపి వాళ్ళనూ తుడిచేశారు. చివరికి మక్కపిండితో చేస్తే అసలైన మనిషి అయ్యాడు. మక్క అనగానే మాకు ప్రాణం లేచివచ్చింది. దేవుళ్ళు వాడింది తెల్ల రకమా పచ్చ రకమా అని ఒకాయన అడిగితే, రెండూ అని గైడు తడుముకోకుండా చెప్పాడు.

అప్పుడు మా ఆవిడ నోరు విప్పింది. నాతో కాదు, శివ్వంపేట అక్కతో. కానీ అందరికీ వినపడేటట్టు.

"అక్కా, జర గా గైడుకు చెప్పమను. కట్టె మనుషులందరు పోలేదు, ఒకడు మిగిలి మెదక్‌ల విత్తనాలు అమ్ముతుండు."

చెట్టు కింద నవ్వులు పూశాయి. మేనేజరు ఆ మాటను మాత్రం శ్రద్ధగా ఇంగ్లీషు చేశాడు. గైడు నా వైపు చూసి, టోపీ తీసి, గౌరవంగా తల వంచాడు. తాతలనాటి కట్టె మనిషిని కళ్ళారా చూశానన్నట్టు.

నాకు ఒళ్ళు మండింది. ఇంతమందిలో ఇంత మాటా? చూపించాలి నా తడాఖా. ఎవరికీ చెప్పకుండా చరచర ముందుకు నడిచాను. ఆమె నా వెనకే రావాలి, వచ్చి బతిమాలాలి అన్నది నా లెక్క. అక్కడ అమ్మకానికి పెట్టిన చెక్క మాస్కులు, రంగు దుప్పట్ల ముందు కాసేపు ఊరికే నిలబడి, పసుపు గొడుగు కనిపిస్తే మళ్ళీ గుంపులో కలిశాను. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఓడిపోయినట్టు.

గైడు ఏదో చెబుతున్నాడు. నేను తలాడిస్తున్నాను. మా గైడు ఇంగ్లీషూ నాకు ఎట్లాగూ సరిగ్గా అర్థం కాదు కాబట్టి తేడా తెలియలేదు. మేనేజరు తెలుగు చెప్పడం మానేశాడేమిటి, అలసిపోయి ఉంటాడనుకున్నాను. రాతి మీద చెక్కిన పుర్రెలు చూపించారు, చూశాను. ఫోటో దిగుతుంటే నేనూ జేబు సర్దుకుని నిలబడ్డాను. ఫోటో అయ్యాక పక్కనున్న పెద్దావిడ నా భుజం తట్టి ఏదో అడిగింది. అప్పుడు చూశాను. ఆమె తెల్లావిడ. ఆమె పక్కన మోకాళ్ళదాకా నిక్కర్లు వేసుకున్న ముసలాయన. చుట్టూ అందరూ వాళ్ళే. గొడుగు పట్టుకున్నది కూడా మీసాలాయన కాదు, ఎవరో ఒక అమ్మాయి.

ఆ మైదానంలో ఎటు చూసినా గొడుగులే, అందులో సగం పసుపువి. ఫోన్ కోసం జేబులో చెయ్యి పెట్టాను. ఫోన్ మా ఆవిడ సంచిలో ఉంది. పాస్‌పోర్టు ఆ సంచిలోనే ఉంది. గోళీలు, నీళ్ళ బాటిల్, హోటలు పేరున్న కార్డు అన్నీ అందులోనే. నా దగ్గర ఉన్నది నల్లద్దాలొక్కటే. ఎవరినైనా అడుగుదామంటే ఏమని అడగాలి? కాసేపు అటూ ఇటూ తిరిగాను. వరసగా నిలబెట్టిన రాతి స్తంభాలు కనిపిస్తే వాటి నీడలో కూలబడ్డాను. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానన్నదట. మెదక్ బస్టాండు దాటితే దారి అడిగేవాణ్ణి నేను.

అక్కడ కూర్చుని ఫ్లెక్సీ గురించి కాదు, ఆమె మాటల గురించే ఆలోచించాను. ఇంట్లో వినీ వినీ విసుక్కున్న మాటలే. ఉప్పు అయిపోయింది, దారం రంగు కలవలేదు, జాకెట్టు చేతులు బిగుతైనాయని ఫలానామె మళ్ళీ తెచ్చింది. ఆ సొద లేక ఇన్నాళ్ళుగా ఇల్లు ఎంత బోసిపోయిందో అప్పుడు ఒప్పుకున్నాను. ఆమె ఇక మాట్లాడదేమో అన్నదే నా అసలు భయమని, తప్పిపోయినందుకు కాదని, తెలిసింది.

అప్పుడే దూరం నుంచి ఒక ఆడగొంతు. "ఇగో... ఏమయ్యో..." అని ఒకసారి. మళ్ళీ ఒకసారి. అంత రద్దీలో ఆ పిలుపు ఎటో పోయింది. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత నా పేరు వినిపించింది.

మా ఇళ్ళలో ఆడవాళ్ళు భర్త పేరు నోటితో పలకరు. ఓటరు లిస్టువాళ్ళు వచ్చి అడిగితే మా ఆవిడ దుకాణం బోర్డు చూపిస్తుంది. పెళ్ళినాడు గడప దగ్గర మా అక్కలు అడ్డం నిలబడి, పేరు చెబితేనే లోపలికి రానిస్తామని పట్టుబడితే ఏదో గొణిగింది, పక్కనే ఉన్న నాకే వినపడలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె గొంతులో నా పేరు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. ఇంటి పేరుతో సహా, బడిలో హాజరు పిలిచినట్టు, ఆ ఎర్రటి ఎండలో గొంతు చించుకుని పిలుస్తోంది.

నేను వెంటనే పలకలేదు. భయం పోయింది, బుద్ధి మాత్రం రాలేదు. ఇంకొక్కసారి వినాలని స్తంభం చాటునే కూర్చున్నాను. పిలిచింది. ఈసారి పేరు మధ్యలో గొంతు విరిగింది.

లేచి పరుగెత్తాను. స్తంభాల చివర ఆమె నిలబడి ఉంది. సంచి భుజం మీది నుంచి జారిపోయింది, ముఖమంతా చెమట, కళ్ళల్లో నీళ్ళు. వెనక ఎక్కడో శివ్వంపేట అక్క ఒగురుస్తూ వస్తోంది. మా ఆవిడ ఆమె కోసం ఆగలేదు. సూటిగా నా ముఖంలోకి చూసి అడిగింది.

"ఏడ సచ్చినవ్?"

ఇక్కడే ఉన్నానని, మధ్యలో అక్క లేకుండా, ఆమెకే చెప్పాను.