గాజులవ్వ అడిగినవి

నా చిన్నప్పుడు మా ఊరి ఆడవాళ్ళు మిట్టమధ్యాహ్నం వాగు దాటవలసి వస్తే చేతి గాజులకు కొంగు చుట్టుకునేవాళ్ళు. గాజులు గలగలమంటే గాజులవ్వ వెంటపడుతుందని భయం. మొగుళ్లపల్లికి కాస్త ఎడంగా ఉండే మా పల్లెకూ మా మిరప చేలకూ మధ్య ఆ వాగు పారేది. చేనికి పోవాలంటే అది దాటక తప్పదు. ఎండాకాలంలో పాదాలు మునిగేటన్ని నీళ్ళే ఉండేవి గానీ, అవతలి గట్టు ఎక్కేలోపల మాకు నోరెండిపోయేది.

గాజులవ్వ కథను ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్పేవాళ్ళు. అందరి కథల్లోనూ కలిసేది ఇంతే. ఆమె గాజుల మలారం భుజానికి వేసుకుని ఊరూరా తిరిగి గాజులు తొడిగే మనిషి. ఒక వానాకాలంలో, అవతలి ఊళ్ళో కడుపుతో ఉన్న పిల్లకు గాజులు తొడగాలని, ఎవరు వద్దన్నా వినకుండా వాగులో దిగింది. నీళ్ళు తీసుకుపోయాయి. శవం దొరికింది గానీ మలారం దొరకలేదు. అప్పటి నుంచి పొద్దు నెత్తి మీదికి వచ్చే వేళకు ఎక్కడ గాజుల చప్పుడు విన్నా అవి తనవేననుకుని వచ్చి పట్టుకుంటుందట. మగవాళ్ళ జోలికి ఆమె ఎన్నడూ పోలేదు. మా నాయిన ఈ కథ మీద తెగ పరాచికాలాడేవాడు గానీ, మధ్యాహ్నం పూట వాగు దగ్గర ఆయన కూడా సైకిలు గంట కొట్టేవాడు కాదు.

మా పక్కింటి పెద్దమ్మకు ఒక్కడే కొడుకు. ఆ అన్నకు దేవరుప్పుల దిక్కు నుంచి పిల్లను తెచ్చారు. ఆ రోజుల్లో మాకు దేవరుప్పుల అంటే వేరే దేశం కిందే లెక్క. పరకాల దాకా ఒక బస్సు, అక్కడి నుంచి హనుమకొండకు ఇంకో బస్సు, జనగామకు మరొకటి, ఆ పైన ఏది దొరికితే అది. అంత దూరం నుంచి వచ్చిన వదినకు మా వాగు సంగతి ఎవరూ చెప్పలేదు. దాచిపెట్టాలని కాదు. పుట్టిన ప్రతివాళ్ళకూ అది తెలిసే ఉంటుందని మా అందరి నమ్మకం. వచ్చిన కొత్తలోనే ఆమె నెత్తిన సద్దిగంప పెట్టుకుని, చేతుల నిండా పెళ్ళిగాజులతో, మిట్టమధ్యాహ్నం గలగలమంటూ వాగు దాటి వచ్చింది. చేలో కాయలు ఏరుతున్న ఆడవాళ్ళంతా చేతిపని ఆపి ఆమె వంకే చూశారట. ఆ సంగతి మనసులో పెట్టుకున్నారు.

పెద్దమ్మ చెడ్డ మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే మీరు ఆమెను గయ్యాళి అత్తల్లో కలిపేస్తారు. చిన్న వయసులోనే భర్త పోతే ఒంటిచేత్తో చేను చేసుకుంటూ కొడుకును సాకింది. తాను ఎట్లా బతికిందో కోడలు కూడా అట్లాగే బతకాలనుకుంది. అందరికన్నా ముందు లేవాలి, అందరూ తిన్న తరువాత గిన్నెలో అడుగూబొడుగూ మిగిలింది తినాలి, అత్త కూర్చున్న చోట కూర్చోకూడదు. ఇక అన్న నోట్లో నాలుక లేని మనిషి. చేను, ఎడ్లు, నిద్ర, అంతే. ఆ ఇంట్లో రోజంతా గిన్నెల చప్పుడు వినిపించేది గానీ మనుషుల మాట వినిపించేది కాదు.

వదిన మాట్లాడేదంతా నాతోనే. సందు దొరికితే నన్ను కూర్చోబెట్టుకుని జడ వేసేది, వేస్తూ వాళ్ళ ఊరి ముచ్చట్లు చెప్పేది. వాళ్ళమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు, వాళ్ళు పోట్లాడుకునే తీరు. చెప్పి చెప్పి తనే నవ్వేది. ఆమె చేతిలో జడ బిగువుగా వచ్చేది, రెండు రోజులైనా చెక్కుచెదరదు.

మిరప ఏరే పని ముమ్మరంగా ఉన్న రోజుల్లో వదిన మాట్లాడటం మానేసింది. ఆ తరువాత తినడం మానేసింది. బాయి దగ్గర బిందె పట్టుకుని అలాగే నిలబడిపోయేది, పిలిస్తే ఉలిక్కిపడేది. ఒకరోజు చేలోనే కళ్ళు తిరిగి పడిపోయింది. అంతటితో ఊరంతా ఒకటే మాట: గాజులవ్వ పట్టింది. సూదులు వేసే డాక్టరు వచ్చి ఒక సూది వేసి పోయాడు, ఏమీ తగ్గలేదు. పెద్దమ్మ నిజంగానే హడలిపోయింది. ఆదివారం నాడు కోడలిని పొరుగూరి భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలని నిశ్చయించింది.

ఆ వైద్యం ఎట్లా ఉంటుందో మాకు తెలుసు. అంతకు ముందు మా వాడలోనే ఒక చిన్నమ్మను అక్కడికి తీసుకుపోయారు. మొహానికి మిరపకాయల పొగ పెట్టి, చింతబరికెతో కొట్టి, దయ్యాన్ని వెళ్ళగొట్టానన్నాడు. ఆ చిన్నమ్మ వీపు మీది వాతలు నేను నా కళ్ళతో చూశాను. వదినను కూడా అట్లాగే కొడతారని తలచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు. వదినను చూసి భయమేసేది, వదిన కోసం కూడా భయమేసేది. రెండు భయాలూ ఒకేసారి మోయడం ఆ వయసుకు చాలా బరువు.

మా నాయిన తల్లిని మేము బాపమ్మ అని పిలిచేవాళ్ళం. ఆమె కళ్ళకు పొర కమ్మి మనుషులు మసక మసకగా తప్ప కనబడేవాళ్ళు కాదు. ఎక్కడికి పోయినా నా భుజం మీద చెయ్యి వేసుకుని నడిచేది. ఆమెకు దయ్యాల మీద నమ్మకం ఉందో లేదో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. కానీ దయ్యాలతో వ్యవహారం ఎట్లా నడపాలో మాత్రం బాగా తెలుసు.

మా వైపు దయ్యం పట్టిందంటే ముందుగా దానిని కూర్చోబెట్టి అడుగుతారు. ఎవరు నువ్వు, ఎందుకు పట్టినవు, ఏమిస్తే పోతవు అని. అది చీర అడిగితే చీర, కోడిని అడిగితే కోడి. అడిగింది ఇవ్వకపోతే ఇంటికే అరిష్టమని పెద్దల మాట. పొగలూ బరికెలూ ఆ తరువాతి సంగతి. బాపమ్మ ఈ ఆనవాయితీనే గట్టిగా పట్టుకుంది. నన్ను వెంటబెట్టుకుని పెద్దమ్మ ఇంటికి పోయి, ముందు ఒకసారి తనను అడగనివ్వమంది. గాజులవ్వ తన పెళ్ళికి గాజులు తొడిగిందని, తన మాట కాదనదని కూడా చెప్పింది. గాజులవ్వ వాగులో పోయింది బాపమ్మ పుట్టకముందో తరువాతో ఊళ్ళో ఎవరికీ తెలియదు. కాబట్టి ఎదురు చెప్పగలిగినవాళ్ళు లేకపోయారు.

మర్నాడు మధ్యాహ్నం వాళ్ళ నడింట్లో దీపం పెట్టి, వేపమండలు పరిచి, వదినను కూర్చోబెట్టారు. బాపమ్మ అందరినీ బయట అరుగు మీదికి పంపి తలుపు దగ్గరికి వేయించింది. నేను లేకపోతే ఆమెకు అడుగు పడదు గనుక నన్ను ఉంచుకుంది. అరుగు మీద పెద్దమ్మ, అన్న, ఇరుగుపొరుగు వాళ్ళు చెవులన్నీ తలుపుకు ఆనించి కూర్చున్నారు.

బాపమ్మ బయటికి వినబడేటట్టు గొంతు పెంచి, ఎవరు నువ్వు, గాజులవ్వవేనా, ఏం కావాలో చెప్పు అని అడిగింది. మళ్ళీ అడిగింది. వదిన కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి తప్ప నోరు పెగలలేదు. బాపమ్మ తొందరపడలేదు. చాపను తడుముకుంటూ దగ్గరికి జరిగి, వదిన చెయ్యి వెతికి పట్టుకుని, నాకూ ఆమెకూ తప్ప ఇంకెవరికీ వినబడనంత మెల్లగా చెప్పింది.

“బిడ్డా, నువ్వు అడిగితే ఇయ్యరు. గాజులవ్వ అడిగితే ఇయ్యక తప్పదు. ఇప్పుడు నీ నోట్లకెళ్ళి ఏమొచ్చినా గది ఆమె మాటనే. అడుగు.”

వదిన తల ఎత్తి బాపమ్మ మొహంలోకి చూసింది. ఆ తరువాత, ఎన్నడూ వినని గొంతుతో, నేల వంక చూస్తూ అంది.

“ఆకలైతాంది. పొయ్యి మీదికెళ్ళి దించిన బువ్వ గావాలె. అడుగుబొడుగు నేను తినను.”

బయటి నుంచి పెద్దమ్మ, పెడతాను తల్లీ పెడతాను, నీకు దండం అని ఒప్పుకుంది. దానితో వదిన గొంతుకు కాస్త బలం వచ్చింది. చేను నుంచి వచ్చాక కాసేపు నడుము వాల్చాలంది. దానికీ సరేనన్నారు. ఇంటాయన రోజుకు కొంతసేపైనా తనతో మాట్లాడాలంది. అరుగు మీద అన్న గొంతు సవరించుకున్న చప్పుడు మాకు స్పష్టంగా వినబడింది. బాపమ్మ పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంటున్నదని నేను గమనించాను.

అంతలోనే వదిన ఏమరపాటుగా, తన అసలు గొంతుతోనే, మా అమ్మను చూడాలె అనేసింది.

గాజులవ్వకు అమ్మ ఏందని బయటి నుంచి పెద్దమ్మ అనుమానంగా అడిగింది. ఆ నిమిషంలో బాపమ్మ గనుక తడబడి ఉంటే, ఆదివారం నాడు వదిన ఆ పొగ ముందర కూర్చునేది. బాపమ్మ తలుపు వైపు తిరిగి గదమాయించింది.

“ఎందుకుండదు? తల్లి లేకుంట పుట్టిందా ఏంది?”

ఆ వెంటనే బాపమ్మ మిగతాది తానే అల్లేసింది. గాజులవ్వ ఎవరో తల్లి తన కూతురికి తొడగమన్న గాజులతో పోయిందట. అందుకని ఈ పిల్లకు కన్నతల్లే తన చేత్తో గాజులు తొడిగితే గానీ వదలదట. అదీ పుట్టిన గడప లోపలే తొడగాలట, నెల తిరిగేదాకా ఈ వాగు మొహం చూడకూడదట. వదిన నోరు తెరుచుకుని వింటోంది. నేనూ అంతే. బాపమ్మ అంత గొప్పగా అబద్ధమాడగలదని నాకు ఆనాటిదాకా తెలియదు.

ఆ పూటే పెద్దమ్మ పొయ్యి వెలిగించి అన్నం వండింది. పొగలు కక్కే అన్నంలో పచ్చిపులుసు పోసి కోడలి ముందు పెట్టి, చేతులు జోడించి పక్కన నిలబడింది. వదిన తింటుంటే ఆమె కళ్ళలో భయమే ఉందో, ఇంకేమైనా ఉందో, పిల్లదానిని నాకు తెలియలేదు. ఆ వారంలోనే అన్న వదినను పుట్టింటికి తీసుకుపోయాడు. గాజులవ్వ ఆన గనుక దారంతా బస్సుల్లో మాట్లాడుతూనే ఉన్నాడట. మొదట్లో కిటికీ లోంచి కనబడిన ఊళ్ళ పేర్లే వరసగా చదివాడని వదిన తరువాత చెప్పి పడీ పడీ నవ్వింది. నెల తిరిగాక మొహం నిండుగా, చేతుల నిండా గాజులతో తిరిగి వచ్చింది. వచ్చినరోజే నన్ను కూర్చోబెట్టుకుని బిగువుగా జడ వేసింది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఇక్కడితో అయిపోతే ఇది బాపమ్మ తెలివి కథ అయ్యేది. కానీ వదిన వచ్చిన కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. బాపమ్మ పక్కన కూర్చుని కళ్ళంలో ఎండుతున్న మిరపకాయల గురించీ, మబ్బు పట్టిన ఆకాశం గురించీ చాలాసేపు మాట్లాడింది. లేవబోయి మళ్ళీ కూర్చుంది. ఆ తరువాత మొహం పక్కకు తిప్పుకుని, తనకూ ఈ మధ్య ఒంట్లో బాగుండటం లేదని, మొన్న వాగు దాటుతుంటే గాజులు మోగినట్టున్నాయని, గాజులవ్వ తననూ పట్టిందేమోనని అంది.

పెద్దమ్మ చేతులకు గాజులు లేవు. భర్త పోయిననాడు తీయించినవి, మళ్ళీ తొడుక్కోలేదు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. బాపమ్మ చెయ్యి నా భుజం మీదే ఉంది. ఆ చెయ్యి గట్టిగా నొక్కింది.

బాపమ్మ నవ్వలేదు. నాతో తలుపు దగ్గరికి వేయించింది. పెద్దమ్మను సరిగ్గా కూర్చోబెట్టి, వదినను అడిగినట్టే, ఏం కావాలో చెప్పమని అడిగింది. పెద్దమ్మ తన బోడి చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటి వంకే చూస్తూ కూర్చుంది.

“తెల్వదత్తా. నన్ను ఎవ్వరు గిట్ల అడగలే.”

అని ఏడ్చింది. అంత పెద్ద మనిషి అట్లా ఏడవడం నేను మొదటిసారి చూశాను. తలుపు అవతల ఆనాడు విన్నది గాజులవ్వ మాటలు కావని ఆమెకు ఎప్పుడో తెలిసిపోయిందని నాకు అప్పుడు తట్టింది. బాపమ్మ ఊరుకోమనలేదు. పొద్దు వాలేదాకా ఆమె చెయ్యి పట్టుకుని, ఇంకో ప్రశ్న వేయకుండా కూర్చుంది. చిట్టచివరికి పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని, సిగ్గుపడుతూ, చిన్నప్పుడు వాళ్ళ నాయిన వెంట మానుకోట పోయినప్పుడు రైలును చూశానని, ఎక్కాలని ఉండేదని, ఎన్నడూ ఎక్కలేదని చెప్పింది. ఆ ఏడే అన్నా వదినా ఆమెను కాజీపేటలో రైలెక్కించి జనగామ దాకా, అక్కడి నుంచి వియ్యాలవారింటికి తీసుకుపోయారు. కిటికీ పక్కన కూర్చున్నది జనగామ వచ్చేదాకా ఎవరికీ చోటు ఇవ్వలేదట.

నేను ఇప్పుడు భూపాలపల్లిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మా వాగు మీద వంతెన పడి చాలా కాలమైంది. గాజులవ్వ పేరు చెబితే నా మనవళ్ళు నవ్వుతారు. ఆమె ఉందో లేదో అని నేను వాదించను. ఇంట్లో ఎవరైనా మాట తగ్గించారని అనిపిస్తే మాత్రం టీవీ కట్టేసి వాళ్ళ పక్కన కూర్చుని, ఏం కావాలని అడుగుతాను. కొడుకును అడిగాను, కోడలిని అడిగాను, పరీక్ష తప్పిన మనవరాలినీ అడిగాను. అందరూ మొదట చెప్పే జవాబు ఒకటే, ఏం లేదు అని. అడిగేవాళ్ళు చాలామంది అక్కడ లేచిపోతారు. నేను లేవను, ఆ తరువాత వచ్చే మాట కోసం కూర్చుంటాను.